ఐదు వందల డిపాజిట్టు - నాలుగు వందల ఎనభై మంది అభ్యర్థులు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎన్నికల ముందు గడప గడపకూ తిరిగి చేతులు జోడించిన పెద్దమనిషి, గెలిచాక ఐదేళ్ల దాకా కనబడడని మనం అందరం అనుకునే మాటే. అరుగు మీద, పింఛను కోసం బ్యాంకు ముందు నిలబడ్డ వరుసలో, పెళ్లి పందిట్లో, ఎక్కడ నలుగురు కూడినా ఈ మాట రాక మానదు. అయితే అనుకుని ఊరుకోవడం వేరు, అడగడం వేరు. అడగటానికి ఓటరు చేతిలో ఏముంది? ఐదేళ్లకు ఒకసారి వేసే ఒక్క ఓటేనా, ఇంకేమైనా ఉందా?

ఈ ప్రశ్నకు మన పొరుగు జిల్లా నల్గొండ 1996లో ఇచ్చిన జవాబు దేశమంతటా మారుమోగింది. పార్లమెంటు చట్టాన్నే మార్చుకోవలసి వచ్చింది. మన సంఘంలో ఎన్నికల విధులు చేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. పోలింగ్ ఆఫీసర్లుగా, లెక్కింపు సహాయకులుగా, తహశీలు ఆఫీసులో నామినేషన్ల సెక్షన్ చూసిన గుమాస్తాలుగా ఆ పని బరువు తెలిసిన వాళ్లం. కనుక ఈ ప్రత్యేక సంచికలో ఆ చరిత్రను నాలుగు మాటలుగా చెబుదామని నా ప్రయత్నం. ఇందులో ఏ పార్టీనీ పొగడటం గాని, తెగడటం గాని నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను.

సాగరం పక్కనే దాహం

మన అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి విజయవాడ రోడ్డున పోతే చౌటుప్పల్ ఎంతో దూరం లేదు. ఇటు ఇబ్రహీంపట్నం, యాచారం మీదుగా సాగర్ రోడ్డున మాల్ దాటితే మర్రిగూడ, చింతపల్లి వైపు పల్లెలు వస్తాయి. ఆ పల్లెల నీళ్లలో ఫ్లోరైడ్ అధికంగా ఉందన్న సంగతి నిన్న మొన్న తెలిసింది కాదు. స్వాతంత్ర్యానికి ముందే, నిజాం హయాంలోనే వైద్యులు దానిని గుర్తించారు.

తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని నిబంధన. ఆ ప్రాంతపు బావుల్లో, బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మొదట పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే ఎముకలు గట్టిబడి, కీళ్లు బిగుసుకుపోయి, నడుము వంగిపోతుంది. కాళ్లు వంకరపోయిన పిల్లలు, ముప్పై ఏళ్లకే ముసలితనం వచ్చిన రైతులు ఆ పల్లెల్లో ఇంటింటికీ కనిపించేవారు. బోరు ఎంత లోతుకు వేస్తే విషం అంత పెరిగేది. అందుచేత వాళ్లకు కావలసింది మరో బోరు కాదు, నది నీళ్లు.

వింత ఏమిటంటే, ఆ నది అదే జిల్లాను ఒరుసుకుని పోతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు భూములు పచ్చబడ్డాయి. కాని మునుగోడు, దేవరకొండ, నల్గొండ ఎగువ భూములు కాలువ కన్నా ఎత్తున ఉన్నాయి. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఆ నీరు ఎత్తుకు ఎక్కలేదు. ఆనకట్ట ఒక అంచున, దాహం ఇంకో అంచున, రెండూ ఒకే జిల్లాలో ఉండిపోయాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ వారు పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతిని రూపొందించారు. దానికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశాల దాకా ఆ పేరు వెళ్లింది. పేరు ఖండాలు దాటింది గాని, నల్గొండ పల్లెల కష్టం తీరలేదు. రోజూ ఎవరు పటిక కలపాలి, ఎవరు కొలవాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలి అన్న నిర్వహణ దగ్గరే వ్యవహారం ఆగిపోయేది.

శ్రీశైలం ఎడమ కాలువ

శ్రీశైలం జలాశయం సాగర్ కన్నా ఎగువన ఉంది. అక్కడి నుంచి నల్లమల కొండల కిందుగా సొరంగం తవ్వితే నీరు తనంతట తానే నల్గొండ ఎగువ భూములకు పారుతుంది. సుమారు మూడు లక్షల ఎకరాలకు సాగునీరు, వందలాది పల్లెలకు తాగునీరు అందుతుంది. ఇదే శ్రీశైలం ఎడమగట్టు కాలువ పథకం. 1980ల మొదటి నుంచీ ఈ పథకం మాట వినబడుతూనే ఉంది. ప్రతి ఎన్నికలోనూ ప్రతి పార్టీ వేదిక మీదా అది వినబడేది. ఎన్నికలు కాగానే బడ్జెట్టులో నామమాత్రపు మొత్తం కనబడేది. పాలకులు మారారు, ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ పార్టీలు మారాయి. ఫైలు మాత్రం కదల్లేదు.

నల్గొండ అంటే నోరులేని జిల్లా కాదు. సాయుధ పోరాటానికి పుట్టినిల్లు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో శ్రీ రావి నారాయణరెడ్డి గారిని నెహ్రూ గారి కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపిన జిల్లా. అర్జీలు, ధర్నాలు, పాదయాత్రలు, రాస్తారోకోలు అన్నీ తెలిసిన ప్రజలు. అవన్నీ చేశాక కూడా నీళ్లు రాకపోతే ఏం చేయాలన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న.

జల సాధన సమితి

ఆ దశలో శ్రీ దుశర్ల సత్యనారాయణ గారు బ్యాంకు ఉద్యోగాన్ని వదులుకుని జల సాధన సమితిని నడిపించారు. నెల జీతం వదులుకోవడం అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. సమితి ఊరూరా తిరిగి ఫ్లోరైడ్ కష్టాన్నీ, నీటి లెక్కలనూ ప్రజలకు వివరించింది.

1996లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఏప్రిల్ 27, మే 2, మే 7 తేదీల్లో దేశమంతటా పోలింగ్ జరగాలి. అప్పుడు సమితికి ఒక ఆలోచన తట్టింది. ఎన్నికలను బహిష్కరిస్తే ఎవరికీ నష్టం లేదు. ఓటు వేయని ఊరిని వదిలేసి మిగతా ఊళ్ల ఓట్లతో ఎవరో ఒకరు గెలుస్తారు, పత్రికలో మూలన నాలుగు లైన్లు వస్తాయి. రైలు ఆపితే కేసులు పడతాయి. అదే బాధితులందరూ అభ్యర్థులై నిలబడితే? దాన్ని ఎవరూ ఆపలేరు, ఎవరూ తప్పు పట్టలేరు. ఇరవై ఐదేళ్లు నిండిన ఏ ఓటరైనా నిలబడవచ్చునని రాజ్యాంగమే చెప్పింది. డిపాజిట్టు ఐదు వందల రూపాయలు. దళిత, గిరిజన అభ్యర్థులకు అందులో సగం. ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు.

ఇక్కడ గుమాస్తా లెక్క ఒకటి చెప్పాలి. ఈ ఐదు వందల డిపాజిట్టు 1951 చట్టం నాటిది. ఆనాడు అది ఒక గుమాస్తాకు ఎన్నో నెలల జీతం. నలభై ఐదేళ్లు గడిచినా ఆ అంకె అలాగే ఉండిపోయింది. 1996 నాటికి అది అదే గుమాస్తాకు వారం రోజుల జీతానికి మించదు. ధరలు పెరిగాయి, కరువు భత్యం పెరిగింది, డిపాజిట్టు మాత్రం పెరగలేదు. చట్టంలో ఎవరూ గమనించని ఆ సందులోంచి నల్గొండ రైతు లోపలికి వచ్చాడు.

బ్యాలెట్ పత్రం పుస్తకమైంది

ఉపసంహరణలు పూర్తయ్యాక నల్గొండ లోక్‌సభ స్థానానికి పోటీలో మిగిలిన అభ్యర్థులు 480 మంది. రైతులు, కూలీలు, చదువుకున్న యువకులు, ఫ్లోరైడ్ బాధితులు, అన్ని రకాల వాళ్లూ అందులో ఉన్నారు.

నామినేషన్ల పని చేసినవారికి ఆ అంకె అర్థమవుతుంది. ఒక్కొక్క నామినేషనుకు ఓటరు జాబితా నంబరు సరిచూడాలి, డిపాజిట్టు రసీదు జతపరచాలి, ప్రమాణం చేయించాలి, పరిశీలన రోజున ఒక్కొక్కటీ చదవాలి. గుర్తు కేటాయించాలి. తుది జాబితాను తప్పు లేకుండా రాయాలి. పది మంది అభ్యర్థులుంటేనే రాత్రి పన్నెండు దాటుతుంది. ఇక 480 మంది అంటే మాటలు కాదు.

పెద్ద సమస్య బ్యాలెట్ పత్రం. అప్పటికి ఓటింగ్ యంత్రాలు అంతటా రాలేదు. కాగితం మీద ముద్ర వేయాలి. 480 పేర్లు, 480 గుర్తులు ఒక్క కాగితం మీద పట్టవు. అందువల్ల బ్యాలెట్ పత్రం పుస్తకంలా తయారైంది. దాన్ని లక్షల సంఖ్యలో ముద్రించాలి. మామూలు డబ్బాల్లో ఆ పుస్తకాలు పట్టవు. అనుకున్న తేదీకి ఈ ఏర్పాట్లు పూర్తి కావడం సాధ్యం కాక పోలింగ్ వాయిదా వేశారు. ఇంకొక తిరకాసు కూడా ఉంది. అప్పటి నిబంధన ప్రకారం అభ్యర్థులందరి పేర్లూ ఒకే అక్షర క్రమంలో ఉండేవి. పెద్ద పార్టీ అభ్యర్థి పేరైనా, నీళ్ల కోసం నిలబడ్డ కూలి పేరైనా అదే వరుసలో రావాలి. ఎన్నడూ వెతకనక్కరలేని గుర్తులను ఓటరు పేజీలు తిప్పి వెతకవలసి వచ్చింది. పాలకుల దృష్టిలో పడటానికి ముప్పై ఏళ్లు వెతికిన పల్లెలకు, ఆ కాసేపు పాలకుల గుర్తులు వెతుక్కునే వంతు వచ్చిందన్న మాట.

ఎన్నిక జరిగింది. సి.పి.ఐ. అభ్యర్థి శ్రీ బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. ఆయన స్వాతంత్ర్య సమరయోధులు, గీత కార్మికుల నాయకులు, 1991లోనూ అక్కడి నుంచే గెలిచినవారు. కాబట్టి సమితి పోరాటం ఆయన మీద కాదని అర్థం చేసుకోవాలి. అది ఏ ఒక్క అభ్యర్థి మీదా కాదు, ముప్పై ఏళ్ల మాట తప్పిన అలవాటు మీద. నిలబడ్డవారిలో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్టు సర్కారుకే జమ. 480 మందికి తలకు ఐదు వందల చొప్పున లెక్క వేసినా రెండు లక్షల నలభై వేలు మించదు. దేశమంతా నల్గొండ నీళ్ల గురించి చదవటానికి అయిన ఖర్చు అది. అంత చవకగా ఏ పత్రికలోనూ ప్రకటన వేయించలేం.

అదే ఎన్నికల్లో ఇలాంటివి ఇంకా రెండు జరిగాయి. కర్ణాటకలోని బెళగాం లోక్‌సభ స్థానానికి సరిహద్దు వివాదం మీద 456 మంది నిలబడ్డారు. తమిళనాడులోని మొడకురిచి శాసనసభ స్థానానికి రైతుల కోర్కెల మీద 1,033 మంది నిలబడ్డారు. మొడకురిచిలో 88 మందికి ఒక్క ఓటు కూడా పడలేదు. అంటే తమ ఓటు కూడా తాము వేసుకోలేదన్న మాట. వాళ్లు గెలవటానికి నిలబడలేదనటానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఢిల్లీ ఇచ్చిన జవాబు

ఇప్పుడు ఢిల్లీ ఏం చేసిందో చూద్దాం. నల్గొండకు నీళ్లు ఇవ్వలేదు. డిపాజిట్టు పెంచింది.

1996 ఆగస్టు 1 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టంలో సవరణలు అమలులోకి వచ్చాయి. లోక్‌సభకు డిపాజిట్టు ఐదు వందల నుంచి ఒక్కసారిగా పది వేలకు పెరిగింది. దళిత, గిరిజన అభ్యర్థులకు ఐదు వేలు. శాసనసభకు ఐదు వేలు, రెండున్నర వేలు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు గాని, స్వతంత్ర అభ్యర్థికి పది మంది కావాలన్నారు. బ్యాలెట్ మీద మొదట గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత గుర్తింపు లేని పార్టీలు, చివర స్వతంత్రులు అని మూడు వరుసలుగా విడదీశారు. ఒక మనిషి రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదన్నారు. ప్రచార కాలాన్ని ఇరవై రోజుల నుంచి పద్నాలుగుకు తగ్గించారు. తర్వాత 2010 నుంచి లోక్‌సభ డిపాజిట్టు ఇరవై ఐదు వేలు అయింది. నేడు 480 మంది నిలబడాలంటే ఆ లెక్కన కోటీ ఇరవై లక్షలు కావాలి.

ఈ సవరణలన్నీ అన్యాయమని నేను అనను. పోలింగ్ కేంద్రంలో కూర్చున్నవాడికి తెలుసు, చదువురాని ముసలమ్మ చేతికి పుస్తకం ఇచ్చి గుర్తు వెతుక్కోమంటే ఆమె ఎంత తికమకపడుతుందో. ఆమె ఓటు చెల్లకుండా పోతే ఆ నష్టం కూడా ప్రజాస్వామ్యానిదే. ముద్రణ ఖర్చు ప్రజల సొమ్మే. సరదాకి, పేరు కోసం, ఎదుటివాడి ఓట్లు చీల్చటానికి నిలబడేవాళ్లు కూడా ఉంటారు. కాని ఒక మాట మాత్రం అనక తప్పదు. తలుపు ఎందుకు తట్టారో విచారించకుండా, తలుపుకు గడియ మాత్రం గట్టిగా బిగించారు. అర్జీదారులు ఎక్కువయ్యారని అర్జీ మీద స్టాంపు ధర పెంచితే అర్జీలు తగ్గుతాయి గాని కష్టాలు తగ్గవు.

నీళ్లు వచ్చాయా?

చరిత్ర రాసేటప్పుడు ఫలితం కూడా చెప్పాలి. సొరంగం ఆలస్యమయ్యే కొద్దీ సాగర్ జలాశయం నుంచే నీటిని ఎత్తిపోసే పథకాన్ని ముందుకు తెచ్చారు. పుట్టంగండి వద్ద పంపులు పెట్టి, అక్కంపల్లి జలాశయానికి నీటిని ఎత్తి, అక్కడి నుంచి కాలువలకు వదిలే ఏర్పాటు అది. 2000 మార్చి 7న మందుపాతర పేలుడులో మరణించిన మంత్రి శ్రీ ఎలిమినేటి మాధవరెడ్డి గారి పేరు దానికి పెట్టారు. ఆ పథకం వల్ల కొన్ని పల్లెలకు సాగునీరు, చాలా పల్లెలకు కృష్ణా తాగునీరు అందాయి. హైదరాబాదు నగరానికి కృష్ణా నీళ్లు కూడా అదే అక్కంపల్లి నుంచే వస్తున్నాయి. మన వైపు సాగర్ రోడ్డు వెంట పోయే ఆ పెద్ద పైపులు చూసినప్పుడు, వాటి వెనక నల్గొండ పల్లెల పోరాటం కూడా ఉందని గుర్తు తెచ్చుకోవాలి.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక మిషన్ భగీరథ పథకం వచ్చింది. 2015 జూన్‌లో దాని పైలాను చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఫ్లోరైడ్ ప్రాంతాన్ని ఎంచుకోవడం ఊరికే జరగలేదు. ఆ పల్లెలకు నల్లా నీళ్లు వచ్చాయి. కొత్తగా పుట్టే పిల్లల్లో వెనుకటి బాధ తగ్గింది. అయితే ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. ఆనాడు నామినేషన్ వేసిన తరంలో ఎంతోమంది ఆ వంగిన నడుములతోనే ముసలివాళ్లయ్యారు.

ఇక శ్రీశైలం సొరంగం. సుమారు 44 కిలోమీటర్ల ఆ సొరంగం పనిని 2005లో అప్పగించారు. యంత్రాలు వచ్చాయి, వరదలు వచ్చాయి, గడువులు పెరిగాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. ఎవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. ఇతర రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు వాళ్లు. ముప్పై ఏళ్ల క్రితం 480 మంది అడిగిన ఆ సొరంగం ఆ రోజుకూ పూర్తి కాలేదు.

కాబట్టి ఆ పోరాటం గెలిచిందా, ఓడిందా అంటే ఒక్క మాటలో చెప్పలేం. ఎన్నికలో ఓడింది. తాగునీటి విషయంలో చాలావరకు గెలిచింది. సాగునీటి విషయంలో ఇంకా తేలలేదు. కాని 1996 తర్వాత నల్గొండ ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా ఆ వైపు ఏ నాయకుడూ ఓటు అడగలేదు. అది చిన్న సంగతి కాదు.

నిజామాబాద్ పసుపు రైతులు

ఇరవై మూడేళ్ల తర్వాత ఆ ఆయుధాన్నే నిజామాబాద్ రైతులు చేతబట్టారు. పసుపుకు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అన్నది వారి కోర్కె. 2014 ఎన్నికల నుంచి ఆ హామీ వింటూ వచ్చారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో డిపాజిట్టు ఇరవై ఐదు వేలు అయినా వెనుకాడలేదు. ఊళ్లలో చందాలు వేసుకుని 178 మంది రైతులు నిలబడ్డారు. పార్టీల వారితో కలిపి మొత్తం 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లను వరుసగా పేర్చి 2019 ఏప్రిల్ 11న ఓటింగ్ జరిపించారు. పోలింగ్ సిబ్బంది కష్టం మనం ఊహించుకోవచ్చు.

అప్పటి సిట్టింగ్ సభ్యురాలు, ముఖ్యమంత్రి గారి కుమార్తె శ్రీమతి కల్వకుంట్ల కవిత గారు డెబ్బై వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. బి.జె.పి. అభ్యర్థి శ్రీ ధర్మపురి అర్వింద్ గారు గెలిచారు. గెలిస్తే పసుపు బోర్డు తెస్తానని, తేలేకపోతే రాజీనామా చేస్తానని ఆయన ప్రచారంలో స్టాంపు పేపరు మీద రాసి ఇచ్చారు. దస్తావేజుల విలువ తెలిసిన మనబోటి వాళ్లకు ఇది ఆసక్తి కలిగించే విషయం. ఎన్నికల వాగ్దానాన్ని ప్రజలు నోటి మాటగా నమ్మటం మానేసి, కాగితం మీద అడిగే స్థితి వచ్చిందన్న మాట.

ఆ కాగితాన్ని రైతులు మరిచిపోనివ్వలేదు. ఎంపీ గారిని ఊరూరా నిలదీశారు. 2020లో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం వచ్చింది. మేం అడిగింది ఇది కాదన్నారు. చివరికి 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ఏర్పాటుకు కేంద్రం ప్రకటన ఇచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా బోర్డు ప్రారంభమైంది. ఆలస్యమైనా అడిగిన బోర్డు వచ్చింది. బోర్డు వల్ల ధర వస్తుందా అన్నది వేరే లెక్క, ఆ లెక్క రైతులు ఇంకా చూస్తూనే ఉన్నారు.

కెనడాలో మీటరు పొడవు బ్యాలెట్

మన సభ్యుల్లో కొందరి పిల్లలు కెనడాలో స్థిరపడ్డారు. అక్కడి కబురు ఒకటి ఇక్కడ చెప్పడం బాగుంటుంది. 2015 ఎన్నికల ప్రచారంలో శ్రీ జస్టిన్ ట్రూడో, పాత పద్ధతిలో జరిగే చివరి ఎన్నిక ఇదేనని, ఓటింగ్ విధానాన్ని మారుస్తామని మాట ఇచ్చారు. ప్రధానమంత్రి అయ్యాక 2017లో ఆ ప్రయత్నాన్ని మానుకున్నారు. ఆ మాట తప్పినందుకు నిరసనగా కొందరు పౌరులు పొడవైన బ్యాలెట్ ఉద్యమం నడిపిస్తున్నారు. 2025 ఏప్రిల్ 28న జరిగిన ఎన్నికల్లో ప్రతిపక్ష నాయకుడు శ్రీ పియెర్ పొయిలివర్ నిలబడ్డ కార్ల్‌టన్ స్థానంలో 91 మంది అభ్యర్థులయ్యారు. బ్యాలెట్ కాగితం దాదాపు మీటరు పొడవు వచ్చింది. ఆయన అక్కడ ఓడిపోయి, ఆగస్టులో ఆల్బర్టా రాష్ట్రంలో ఉపఎన్నికకు నిలబడితే అక్కడ 214 మంది నిలబడ్డారు. ఇక అచ్చు వేయడం కుదరక, ఓటరే అభ్యర్థి పేరు రాసే ఖాళీ బ్యాలెట్ ఇచ్చారు. ఆ ఎన్నికలో ఆయన గెలిచారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. మన దేశంలో డిపాజిట్టు ఇరవై రెట్లు పెంచితే, కెనడాలో 2017లో న్యాయస్థానం వెయ్యి డాలర్ల డిపాజిట్టును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. డబ్బు లేనివాడికి పోటీ చేసే హక్కు లేకుండా పోతుందన్నది వారి వాదన. రెండు దేశాలూ ప్రజాస్వామ్యాలే. గడప ఎంత ఎత్తు ఉండాలన్న దగ్గరే భేదం.

మరో తేడా కూడా ఉంది. అక్కడ పొడవైన బ్యాలెట్‌ను చాలామంది ఓటర్లు విసుక్కున్నారు. నల్గొండలో నిలబడ్డవాళ్లు ఆ నియోజకవర్గపు బాధితులే. కెనడాలో బయటి ఊళ్ల వాళ్లు కూడా నిలబడ్డారు. ఎవరి కష్టం వారే చెప్పుకున్నప్పుడు ఉండే బరువు వేరు.

చట్టం ఇచ్చిన ఇతర మార్గాలు

నల్గొండ మార్గం ప్రతిసారీ, ప్రతి చోటా నడిచేది కాదు. అయితే ఆ తర్వాతి పాతికేళ్లలో ఓటరు చేతికి మరికొన్ని సాధనాలు వచ్చాయి. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, చదువు, తన మీద ఉన్న క్రిమినల్ కేసులు ప్రమాణపత్రంలో చెప్పవలసి వచ్చింది. పార్టీలు దానికి అడ్డంగా చట్టం తెస్తే, 2003 మార్చిలో కోర్టు ఆ అడ్డును కూడా తొలగించింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2013 సెప్టెంబరు 27 తీర్పుతో ఎవరూ వద్దనే 'నోటా' మీట వచ్చింది. అదే ఏడాది జూలైలో మరో తీర్పు ప్రకారం ఎన్నికల ప్రణాళికల మీద ఎన్నికల సంఘం మార్గదర్శకాలు ఇచ్చింది. హామీలు ఇస్తే వాటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో స్థూలంగా చెప్పాలని అందులో ఉంది.

మధ్యలోనే వెనక్కి పిలిచే హక్కు మాత్రం ఎంపీ, ఎమ్మెల్యేల విషయంలో మనకు లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1995 నుంచి, బ్రిటన్‌లో 2015 నుంచి కొన్ని షరతులతో అలాంటి చట్టాలున్నాయి.

మనం చేయదగింది

2008 పునర్విభజన తర్వాత మన ఇబ్రహీంపట్నం భువనగిరి లోక్‌సభ స్థానంలో చేరింది. మునుగోడు కూడా అందులోనే ఉంది. అంటే ఫ్లోరైడ్ పల్లెలూ మనమూ ఒకే ఎంపీకి ఓటు వేస్తున్నాం. వాళ్ల ప్రశ్న ఇప్పుడు మన ప్రశ్న కూడా. ఇక్కడ నిలబడి ఓటు అడిగేవారిని సొరంగం ఎంతవరకు వచ్చిందని మనమూ అడగాలి.

మనం నామినేషన్లు వేయనక్కరలేదు. కాని మనకు చేతనైన పని ఒకటుంది. జీవితమంతా ఫైళ్లు నడిపినవాళ్లం. ఏ కాగితం ఎప్పుడు వచ్చింది, ఎవరు సంతకం చేశారు, ఎక్కడ ఆగింది అని రాసుకోవడం మనకు వెన్నతో పెట్టిన విద్య. ఎన్నికల ప్రచారంలో ఇచ్చిన హామీలను తేదీ, స్థలం, సభతో సహా ఒక నోటుబుక్కులో రాసి ఉంచుదాం. ఐదు వరుసలు చాలు: హామీ ఏమిటి, ఎవరిచ్చారు, ఎప్పటిలోగా అన్నారు, బడ్జెట్టులో ఎంత పెట్టారు, పని ఎంతవరకు వచ్చింది. ఏడాదికోసారి సంఘం పేరున ఒక ఉత్తరం రాసి జవాబు అడుగుదాం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. ఎంపీ నియోజకవర్గ నిధి ఏటా ఐదు కోట్లు. అది ఎక్కడ ఖర్చు పెట్టారో అడగటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మళ్లీ ఓటు అడగటానికి వచ్చిన రోజున ఆ నోటుబుక్కును మర్యాదగా ముందు పెడదాం.

మన కోర్కెలను మాత్రమే రాసుకుంటే సరిపోదని కూడా మనవి. కరువు భత్యం బకాయిలు, వైద్య బిల్లులు మనకు ముఖ్యమే. వాటితో పాటు ఊరి నీళ్లు, బడి, ఆసుపత్రి కూడా ఆ పుస్తకంలో ఉండాలి. మన పింఛనుకు పన్ను కట్టేది ఆ ఊరివాళ్లే.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నల్గొండ పల్లెలు అడిగిన తీరు దేశానికి వింతగా తోచింది. వింతగా అడిగితే గాని వినబడని స్థితికి వాళ్లను తెచ్చింది ఎవరన్నది అసలు ప్రశ్న. ఎప్పటికప్పుడు, తేదీ వేసి, సంతకం పెట్టి అడిగే పౌరులు ప్రతి ఊళ్లో పది మంది ఉంటే, 480 మంది డిపాజిట్టు పోగొట్టుకోవలసిన అవసరం రాదు. ఆ పది మందిలో మన సంఘం సభ్యులు ముందుండాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.